బోర్డు మీద పేర్లు రాసిన లీడరు: ఒక క్వాలిటీ అధికారి కేసు

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చిన ఆ క్వాలిటీ అధికారి ఈ కేసు రాయడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అయినా గుంటూరులో మిర్చి వ్యాపారంలో ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలియకుండా ఉండరు. అందుకని వయసు, కుటుంబం, కంపెనీ వివరాలు కొన్ని మార్చాను, స్కూలు ఏదో పట్టిచ్చే ఆనవాళ్లు తీసేశాను. మార్చనివి రెండు: ఆవిడ చేసే పని తీరు, ఎనిమిదో తరగతిలో ఆవిడ మీద పెట్టిన ఒక బాధ్యత. అవి తీసేస్తే ఇక కేసే లేదు.

నేపథ్యం

నలభై దాటిన మనిషి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, మిర్చి ఎగుమతి చేసే ఒక యూనిట్‌లో ల్యాబ్ అసిస్టెంటుగా చేరి, అక్కడే క్వాలిటీ విభాగానికి పెద్ద అయ్యారు. భర్తది ప్రభుత్వోద్యోగం, ఒక కూతురు. ఇంట్లో చెప్పుకోదగ్గ గొడవల్లేవు.

ఆవిడ పనేమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత నేను తీసుకున్న నిర్ణయాలు అర్థం కావు. లోడు రాగానే టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, శాంపిల్ తీస్తారు. తేమ ఎంత, రంగు ఎలా ఉంది, తాలు (రంగు పోయిన నాసికాయ) ఎంత శాతం అని చూస్తారు. ఎగుమతి సరుకైతే అఫ్లటాక్సిన్ పరీక్ష కూడా ఉంటుంది. అది బూజు వల్ల పుట్టే విషం. యూరప్‌కు వెళ్లే మిర్చిలో అది మొత్తం కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అందులో బి1 అనే రకం 5 దాటకూడదు. చిక్కేమిటంటే ఈ విషం లోడంతా సమానంగా పరుచుకుని ఉండదు. పది టిక్కీలు శుభ్రంగా ఉండి, పదకొండో దాంట్లో గుప్పెడు బూజుకాయలు ఉండొచ్చు. అందుకని శాంపిల్ చాలా టిక్కీల్లోంచి, పైనుంచీ అడుగునుంచీ తీయాలి. ఎండలో లారీ ఎక్కి ఆ పని చేసే కుర్రాడు బద్ధకించి పైన రెండు టిక్కీల్లోంచి తీసేస్తే, ల్యాబ్ ఎంత గొప్పదైనా వచ్చే ఫలితం అబద్ధమే.

అంటే ఈ ఉద్యోగంలో పట్టుదల జబ్బు కాదు, అదే అర్హత. ఈ మాట మొదటి రోజే నా ఫైల్లో రాసుకున్నాను.

వచ్చిన సమస్య

రాత్రి రెండు, మూడు గంటలకు మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. దవడలు బిగుసుకుని పొద్దునకల్లా తలనొప్పి. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం. ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో స్కోరు మధ్యస్థ స్థాయిలో, అంటే 10కీ 14కీ మధ్య వచ్చింది. ఆవిడ తనంతట తను రాలేదు. ఏడాదిలోపు ఆవిడ కింద పనిచేసే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మానేస్తుంటే, ‘టీమ్‌తో సర్దుకోలేకపోతున్నారు’ అని ఆఫీసువాళ్లు కౌన్సెలింగ్‌కు పంపారు.

కూర్చోగానే అన్న మొదటి మాట ఇది: “నేను రాసినవన్నీ నిజాలే మేడమ్. ఒక్కటి అబద్ధం ఉంటే చూపించమనండి.”

అబద్ధం రాశారని నేను అనలేదు, ఆఫీసువాళ్లూ అనలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందంటే, ఆ ప్రశ్న మనిషి లోపల ఎప్పుడో ఎవరో అడిగి ఉంటారు. అప్పటికి అంతకు మించి నాకేమీ తెలియదు.

ముందు ఏం ఆలోచించాను

థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించమని ఫిజీషియన్ దగ్గరికి పంపాను. నలభై దాటిన ఆడవాళ్లలో నిద్రలేమికీ చిరాకుకూ ఒళ్లు కారణం కాదని తేలాకే మనసు జోలికి వెళ్లాలి. ఫలితాలు బాగానే వచ్చాయి. ఫ్యామిలీ డాక్టరు ఇచ్చిన నిద్ర మాత్ర విషయం ఆయనకే వదిలేశాను. మందులు రాయడం నా పని కాదు, మాన్పించడమూ కాదు.

ఆ తర్వాత మూడు దారులు కనిపించాయి. పనిభారంతో అలసిపోవడం ఒకటి. ప్రతిదీ పద్ధతిగా ఉండాల్సిందేననే స్వభావం రెండోది. కొత్త మేనేజరుతో పడకపోవడం మూడోది. సీజను సర్దుమణిగి మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాక కూడా నిద్ర బాగుపడలేదంటే పనిభారం ఒక్కటే కారణం కాదు. రెండోది తేల్చడానికి ఇంటి గురించి అడిగాను. వంటింట్లో డబ్బాల మీద పేర్లు అంటించారా అంటే నవ్వేశారు. “పప్పు డబ్బాలో చింతపండు ఉంటుంది మేడమ్ మా ఇంట్లో.” కూతురు గది సర్దకపోయినా పట్టించుకోరు. చుట్టాలకిచ్చిన అప్పులు అడగనే అడగరు. చాదస్తం స్వభావమే అయితే ఇంట్లోనూ కనబడాలి. ఇక్కడ అది ఒక్క చోటే ఉంది: ఎదుటివాళ్ల తప్పు రాయాల్సి వచ్చినప్పుడు.

ఫలించనివి

నిద్ర కోసం చెప్పే మామూలు జాగ్రత్తలు కొంతవరకే పనిచేశాయి. ఆపైన సీబీటీలో, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకునే చికిత్సలో, వాడే ఆలోచనల పట్టిక ఇచ్చాను. ఆందోళన కలిగినప్పుడు ఏం జరిగింది, మనసులో ఏమనుకున్నాను, దానికి రుజువేమిటి అని గడుల్లో రాసుకోవాలి. చదువుకున్నవాళ్లకు, రాసే అలవాటున్నవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. ఆవిడ రోజూ రాశారు, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆందోళన మాత్రం పెరిగింది.

పట్టిక చూస్తే కారణం తెలిసింది. ‘రుజువు’ గడిలో తన తప్పులు రాసుకున్నారు, మళ్లీ మళ్లీ చేసిన తప్పు పక్కన ఇంటూ మార్కులు పెట్టుకున్నారు. కొన్నిటి పక్కన మూడు, ఒకదాని పక్కన అయిదు. ఆ మార్కులు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే “ఏమో, అలవాటు” అన్నారు. పట్టిక ఆపించాను. రిజిస్టరు రాసే మనిషికి ఇంకో రిజిస్టరు ఇస్తే జరిగేది అదే. కానీ ఆ ఇంటూ మార్కులను మాత్రం మర్చిపోలేదు.

రెండోది మాట్లాడే సాధన. పని తీరు వినేకొద్దీ ఒక సంగతి తేటపడింది. తప్పు కనబడగానే ఆవిడ రిజిస్టరులో పేరుతో సహా ఎక్కిస్తారు, మేనేజరుకు మెయిల్ పెడతారు. తప్పు చేసిన మనిషితో మాత్రం ఒక్క ముక్క మాట్లాడరు. ఆ కుర్రాడు పక్క బల్ల దగ్గరే ఉంటాడు. ఇలా చేశావేమిటని అడగరు. పేరు పైకి వెళ్లాక అతనికి తెలుస్తుంది. కింద పనిచేసేవాళ్లకు మండేది అక్కడే. “మేడం మొహం మీద తిట్టినా బాగుండు” అని మానేసిన ఒకమ్మాయి వెళ్తూ వెళ్తూ అందట.

సరే, నేరుగా మాట్లాడటం నేర్చుకుంటే సరిపోతుందనుకుని నా గదిలో సాధన చేయించాను. నేను శాంపిల్ కుర్రాణ్ణి, ఆవిడ ఆవిడే. నోరు తెరవగానే గొంతు మారిపోయింది. “నిలబడు. ఎందుకు చేశావ్?” నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, నిలబడమన్న సంగతి ఆవిడకే తెలియలేదు. ఎన్నిసార్లు మార్చి చేసినా ఆ టీచరు గొంతే వచ్చింది. ఆవిడ దగ్గర రెండే రకాల మాటలున్నాయి: పైవాళ్లకు నివేదన, కిందివాళ్లకు మందలింపు. సాటిమనిషితో తప్పు గురించి మాట్లాడే మూడో రకం లేదు. లేనిదాన్ని సాధన చేయించలేం.

ఇప్పుడే ఎందుకు?

పదేళ్లకు పైగా ఇదే పని, ఇదే పద్ధతి. మరి నిద్ర ఇప్పుడే ఎందుకు పోయింది? ఏ కేసులోనైనా నేను వదలని ప్రశ్న ఇది.

పాత మేనేజరు రిటైరైన సంగతి ఆవిడ మామూలుగా చెప్పి దాటేశారు. నేను వెనక్కి తీసుకొచ్చాను. ఆ పెద్దాయన మెయిల్ చదివి, కుర్రాణ్ణి టీ తాగేచోటికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి సంగతి చెప్పేవాడట. ఆవిడ రాసింది ఆయన చేతిలో మెత్తబడేది. కొత్తగా వచ్చినాయన పద్ధతి వేరు. రోజూ పొద్దున వాట్సాప్ గ్రూపులో ముందురోజు తప్పులు చేసినవాళ్ల పేర్లు వరసగా పెడతాడు. రెండోసారి దొరికిన పేరు పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది. మూడోసారైతే జీతంలో కోత. ఆ పేర్లన్నీ ఆవిడ మెయిల్లోంచి తీసినవే.

ఆ గ్రూపు మొదలైన నెలలోనే ఆవిడకు మెలకువలు మొదలయ్యాయి. ఈ రెండిటినీ ఆవిడ అంతకుముందు కలిపి చూడలేదు.

పనిచేసిన ప్రశ్నలు

అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ సావికాస్ వృత్తి సలహాల కోసం ఒక ఇంటర్వ్యూ పద్ధతి రూపొందించాడు. అందులో ఆప్టిట్యూడ్ పరీక్షలుండవు. చిన్నప్పుడు ఎవరిని చూసి ఇలా ఉండాలనుకున్నావు, ఏ కథ ఇష్టం, నీకు నువ్వు చెప్పుకునే మాటేమిటి, చిన్ననాటి తొలి జ్ఞాపకాలేమిటి అని అడుగుతారు. ఉద్యోగం మారాలనుకునేవాళ్ల కోసం పుట్టిన పద్ధతి ఇది. ఆవిడకు మారే ఉద్దేశం లేదు. అయినా దీన్నే ఎంచుకున్నాను. ఆవిడ లక్షణాల గురించి అడిగితే నిందితురాలిలా జవాబులు చెబుతున్నారు. ఇష్టాల గురించి అడిగితే కాపలా ఉండదు.

ఆదర్శం ఎవరంటే టి.ఎన్. శేషన్ అన్నారు. 1990 నుంచి 1996 దాకా ఆయన ప్రధాన ఎన్నికల కమిషనరు. అప్పట్లో పేపర్లో ఆయన బొమ్మ కత్తిరించి నోటుపుస్తకం అట్ట మీద అంటించుకున్నారట. ఎందుకు నచ్చాడంటే “ఎంత పెద్దవాడైనా రూలు రూలే అన్నాడు.”

ఇష్టమైన కథ హరిశ్చంద్రుడిది. సత్యం కోసం అన్నీ పోగొట్టుకున్నవాడి మాట చెబుతారేమో అనుకున్నాను. ఆవిడ చెప్పింది నక్షత్రకుడి గురించి. “అందరూ నక్షత్రకుడిలా పట్టుకున్నాడని తిడతారు కదా మేడమ్. నాకు వాడంటే జాలి. అప్పు వాడిది కాదు. గురువుగారు వసూలు చేసుకురమ్మంటే వెళ్లాడు. ఎండలో వాళ్లతోపాటే నడిచాడు. చెడ్డపేరు వాడికి మిగిలింది.”

వృత్తిలో ఇన్నేళ్లుగా ఈ కథ చాలామంది నోట విన్నాను. నక్షత్రకుడి వైపు నిలబడిన మనిషిని మాత్రం చూడలేదు. తప్పొప్పులు నిర్ణయించేవాడు వేరు, శిక్షించేవాడు వేరు, మధ్యలో పంపబడినవాడు తను: ఆవిడ తన ఉద్యోగాన్ని అలా చూస్తున్నారని అక్కడ తెలిసింది. తర్వాత అడగాల్సింది తొలి జ్ఞాపకం.

ఎనిమిదో తరగతి. హైస్కూల్లో క్లాస్ లీడరు తను. మాస్టారు స్టాఫ్ రూముకు వెళ్తూ సుద్దముక్క చేతికిచ్చేవారు. బోర్డుకు ఒక పక్కన ‘మాట్లాడినవారు’ అని రాసి, కింద పేర్లు రాయాలి. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. ఒక్కో ఇంటూకు ఒక్కో దెబ్బ. ఆ రోజు పక్కసీటు స్నేహితురాలు మాట్లాడింది. రాయకపోతే వెనక బెంచీవాళ్లు “దాని ఫ్రెండుని రాయలేదు సార్” అంటారు. రాసింది. ఆ పిల్ల ఏడుస్తూ ఏదో అడగబోయింది, అది కూడా మాట్లాడటమే కాబట్టి ఇంటూ పెట్టింది. మాస్టారు వచ్చి కొట్టి, క్లాసు వైపు తిరిగి అన్నారు: “చూశారా, లీడరంటే ఇలా ఉండాలి. స్నేహితురాలని కూడా చూడలేదు.” అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మర్నాటి నుంచి వేరే బెంచీలో కూర్చుంది.

ఇలాంటి జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. జ్ఞాపకం ప్రతిసారీ కొంత కొత్తగా కట్టుకునేదే, ఆ చప్పట్లు నిజంగా మోగాయో లేదో నాకు అనవసరం. మనిషి ఏం మోసుకు తిరుగుతున్నాడన్నది చూడాలి. ఆవిడ మోస్తున్నది నిజం చెప్పాలన్న విలువ ఒక్కటే కాదు. దాంతోపాటు ఒక దారి కూడా: తప్పు కనబడుతుంది, పేరు రాస్తాం, పైవాళ్లు చూసుకుంటారు. మధ్యలో ఆ పిల్ల వైపు వంగి “ఊరుకోవే, సార్ వస్తున్నారు” అనే అంచె ఆ ఏర్పాటులోనే లేదు. లీడరు మాట్లాడితే లీడరు పేరు ఎవరు రాస్తారు?

ఆ క్లాసులోనే నిజానికి విలువ ఉందనీ, నిజం చెప్పినవాళ్లు ఒంటరి అవుతారనీ ఒకే రోజు నేర్చుకుంది. మొదటిది ఆవిడను మంచి క్వాలిటీ అధికారిని చేసింది. రెండోది పాత మేనేజరు ఉన్నంతకాలం నిద్రపోయి, వాట్సాప్ గ్రూపులో ఎర్ర గుర్తులు చూడగానే లేచింది.

ఎలా ముందుకెళ్లాం

మొదటి నిర్ణయం: ప్రమాణాన్ని ముట్టుకోకూడదు. ‘కొంచెం చూసీచూడనట్టు పొండి’ అని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతూనే ఉన్నారు. అదే మాట నేనూ అంటే ఆవిడ రావడం మానేస్తారు, మానేయడం న్యాయం కూడా. బూజు పట్టిన కాయ ఎవరో తింటారు. కాబట్టి స్పష్టంగా చెప్పాను: మీరేం రాస్తారో దాని జోలికి నేను రాను, అది ఏ దారిన వెళ్తోందో మాత్రమే చూద్దాం. ఆ మాటకు భుజాలు కిందికి దిగడం కనిపించింది.

రెండోది అపరాధభావం. బాధాకరమైన జ్ఞాపకాన్ని కళ్లు మూసుకుని మళ్లీ ఊహించుకుంటూ ముగింపు మార్చే పద్ధతి ఒకటి ఉంది. వాడాలా అని ఆలోచించి వద్దనుకున్నాను. ఆ దృశ్యంలో ఆవిడ దెబ్బతిన్న పిల్ల కాదు, సుద్దముక్క పట్టుకున్న పిల్ల. ఊహలో మాస్టారి బెత్తం లాక్కుంటే ఆయన రాక్షసుడవుతాడు, ఆవిడ గర్వపడే నిజాయితీ కూడా ఆయనతోపాటే కొట్టుకుపోతుంది. దాని బదులు బాధ్యతను పంచే లెక్క చేశాం. ఆ రోజు జరిగినదానికి బాధ్యత ఒక రూపాయి అనుకుంటే ఎవరి వాటా ఎన్ని పైసలు? ముందు తన వాటా తొంభై అన్నారు. అప్పుడు తనది చివర్న రాయమని, మిగతావాళ్లతో మొదలుపెట్టించాను. కొట్టిన చేయి ఎవరిది, పదమూడేళ్ల పిల్లకు ఆ పని ఎవరు అప్పగించారు, వెనక బెంచీ భయం ఎంత? రాసుకుంటూ పోతే చివరికి ఆవిడకు ఇరవై మిగిలింది. ఇంకా తగ్గించవచ్చేమో చూద్దామా అన్నాను. “వద్దు మేడమ్. ఆ ఇంటూ నేనే పెట్టాను. ఆ ఇరవై నాదే.” అక్కడితో ఆపేశాను. సున్నా చేయడం నా లక్ష్యం కాదు. ఆ ఇరవై పైసల్లోంచే ఆఫీసులో మార్పు రావాలి.

మూడోది లేని అంచెను కట్టడం. మాటలతో సాధన ముందే విఫలమైంది కాబట్టి ఈసారి చేతులతో మొదలుపెట్టాం. తప్పు కనబడితే రిజిస్టరు తెరవక ముందు కాయలున్న ట్రే తీసుకుని ఆ మనిషి దగ్గరికి వెళ్లాలి. ఎదురుగా కాదు, బల్లకు ఒకే వైపున నిలబడాలి. “ఇది చూడు బాబూ” అని ట్రే చూపించాలి, ఇంకేమీ అనక్కర్లేదు. మొదటిసారి అలవాటుకొద్దీ కాగితం పట్టుకెళ్లి చదివేశారు. కుర్రాడు బిగుసుకుపోయాడు. కాగితం టేబుల్ మీదే వదిలి వెళ్లాలనే నియమం చేర్చాం. చేతిలో రాసుకునేది లేకపోయేసరికి ఆ గొంతు కూడా రాలేదు.

ట్రే చూపించిన రోజుల్లో ఒకసారి శాంపిల్ కుర్రాడు తనంతట తానే చెప్పాడు: అడుగు టిక్కీల్లోంచి తీయాలంటే హమాలీలు పైవి దించాలి, దించమంటే వాళ్లు కూలీ ఎవరిస్తారంటున్నారు. అది ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. తప్పు రిజిస్టరులో ఎక్కింది, కానీ ఈసారి మనిషి పేరుతో కాదు, లాటు నంబరుతో, కారణంతో. హమాలీల కూలీ సంగతి ఆవిడే యాజమాన్యంతో మాట్లాడి తేల్చారు.

మేనేజరుతో మాట్లాడటం కష్టమైన ఘట్టం. ఎందుకంటే అక్కడ ఆవిడ మళ్లీ ఎనిమిదో తరగతే. గ్రూపులో పేర్లు పెట్టొద్దని కోరితే అహం దెబ్బతింటుందని, తన విభాగం నివేదికలు ఇకనుంచి లాటు నంబర్లతోనే వస్తాయని మాత్రం చెప్పాలని అనుకున్నాం. ఆయన గొణిగాడు, ఒప్పుకున్నాడు. మిగతా విభాగాల పేర్లు గ్రూపులో వస్తూనే ఉన్నాయి.

మధ్యలో ఆత్మీయ సమ్మేళనం

చికిత్స నడుస్తుండగా పదో తరగతి బ్యాచ్‌వాళ్లు ఆత్మీయ సమ్మేళనం పెట్టారు. వెళ్లాలా అని అడిగారు. వెళ్లి స్నేహితురాలికి క్షమాపణ చెప్పమని నేను ప్రోత్సహించలేదు. ఆ పిల్ల ఇప్పుడెలా ఉందో తెలియదు, పదిమందిలో పాత దెబ్బ గుర్తుచేయడం ఎవరి మనశ్శాంతి కోసం? వెళ్లాలనిపిస్తే వెళ్లండి, పని పెట్టుకోకండి అన్నాను.

స్నేహితురాలు రాలేదు. మాస్టారు వచ్చారు. శాలువా కప్పారు. తను ఫలానా అని చెప్పుకుంటే ఆయన కాసేపు చూసి, “బోర్డు మీద నీ రాత బాగుండేదమ్మా” అన్నారట. ఆ విషయం చెబుతూ ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. “ఆయనకు అదొక్కటే గుర్తుంది” అన్నారు. దాన్ని చికిత్సలో పెద్ద మలుపుగా చూపించాలన్న ఆశ నాకూ కలిగింది. కానీ నిద్ర అంతకుముందే బాగుపడటం మొదలైంది, కాబట్టి ఆ ఘనత సమ్మేళనానికి ఇవ్వను.

నాకు మిగిలినవి

స్కూలు రోజుల గురించి మనవాళ్లను అడిగితే మార్కులు, ర్యాంకులు చెబుతారు. మనమూ అవే రాసుకుంటాం. ఈ కేసు తర్వాత నేను వేరేవి అడుగుతున్నాను: క్లాసులో నీకు ఏ పని అప్పగించారు? తప్పు చేసినవాళ్ల సంగతి ఎవరు ఎవరికి చెప్పేవారు? నిన్ను అందరి ముందు మెచ్చుకున్న రోజు ఇంకెవరికి ఏం జరిగింది? దెబ్బ తిన్న జ్ఞాపకాలు సులభంగానే బయటికొస్తాయి. మెప్పు పొందిన జ్ఞాపకం కింద ఉన్నది బయటికి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది.

లీడర్లంతా ఇలా అవుతారని కాదు. అదే స్కూల్లో ఇంకో లీడరు స్నేహితుల పేర్లు చెరిపేసి ఉండొచ్చు, అతనిది ఇంకో కేసు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం సంగతి చట్టం చెప్పింది. పిల్లల చేత పిల్లల పేర్లు రాయించడం గురించి టీచర్లతో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడల్లా అడుగుతున్నాను. తప్పేముంది, క్రమశిక్షణే కదా అంటారు చాలామంది. పేరు రాసేముందు ఆ పిల్లకు ఒక మాట చెప్పమని లీడరుకు నేర్పారా అని అడిగితే కాసేపు ఆలోచిస్తారు.

చివరి ఫాలో అప్‌లో జీఏడీ-7 స్వల్ప స్థాయికి దిగింది. నిద్ర మాత్ర డాక్టరు సలహాతో ఆగింది. అప్పుడప్పుడూ దవడ బిగుసుకోవడం ఉంది. పైస్థాయి పదోన్నతి వచ్చింది, ఆవిడ వద్దన్నారు. భయం వల్లా, ఇష్టం లేకా అని అడిగాను. ల్యాబ్ వదిలి మీటింగుల్లో కూర్చోవడం తనకు నచ్చదన్నారు, అది ఆందోళన గొంతులా వినిపించలేదు. ఫిబ్రవరిలో కొత్త మిర్చి జోరందుకోగానే లోడ్లు పెరుగుతాయి, ట్రే పట్టుకెళ్లే తీరిక తగ్గుతుంది, నేరుగా మెయిల్ పెట్టే పాత దారి దగ్గరగా కనబడుతుంది. అందుకని తర్వాతి సెషన్ జనవరి చివర్లో పెట్టుకున్నాం.